పులుపు వాసన పోయేదాకా

రంగు చేపలమ్మే బావమరిది నోరు జారలేదు, కావాలనే అబద్ధమాడాడు. ఓ పళ్ళ డాక్టరు గారి హాల్లో గాజు తొట్టి అతుకు ఊడి నేలంతా నీళ్ళు, ఆ నీళ్ళలో కొట్టుకుంటున్న చేపలు. అంతకుముందు ఆ తొట్టి కారుతోందంటే వెళ్ళి పాత సిలికాన్ జిగురు మీద కొత్తది పులిమి వచ్చింది బావమరిదే. పాతదాన్ని గీకి తీయకపోతే కొత్తది పట్టదని తెలుసు, బద్ధకం. డాక్టరు కొట్టుకొచ్చి నిలదీసేసరికి, "మా బావ చేతిపని సార్, నేను ముట్టుకోనే లేదు" అనేశాడు. గాజు తొట్లు చేసే బావ పక్కనే ఉన్నాడు. భార్య తమ్ముడు కదా అని నోరు మెదపలేదు. జనం దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టారు. ఆనాటి నుంచి ఆయన లీకు బావ. తొట్లు చేయించుకునేవాళ్ళు మొహం చాటేస్తే, కిటికీలకు అద్దాలు బిగిస్తూ కాలం నెట్టుకొచ్చాడు.

చివరికి బావమరిది కొట్టులోని పెద్ద తొట్టే అడుగు మూల నుంచి కారడం మొదలుపెట్టింది. ఈసారి తనే పులమడానికి ధైర్యం చాల్లేదు. పిల్లిలా బావ ఇంటికొచ్చాడు.

"బావా, నువ్వు చెయ్యి పెడితేనే అవుతుంది."

"నాది లీకు చెయ్యి కదరా."

"పాత గొడవలెందుకు? ఇది నిలబడితే నలుగురికీ నేనే చెప్తాను."

ఆ మాటకే బావ వెళ్ళాడు. తన పని తన దగ్గరికి తిరిగొచ్చే దారి అదొక్కటే.

బ్లేడుతో పాతదంతా గీకాడు. స్పిరిట్ గుడ్డతో తుడిచి, అతుకుకి అటూ ఇటూ కాగితం టేపు అంటించి, మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో సిలికాన్ పట్టించి, తడి వేలితో నునుపు చేశాడు. చేతులు ఏదీ మర్చిపోలేదు. భయమంతా ముక్కుతోనే.

ఆ సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ లాంటి పులుపు వాసన కొడుతుంది. అది పూర్తిగా పోతేనే లోపలిదాకా గట్టిపడినట్టు. ముసురు పట్టిన రోజుల్లో ఎంతసేపటికి ఆరుతుందో గడియారం చెప్పలేదు, ముక్కే చెప్పాలి. పోయిన చలికాలపు జ్వరంలో ఆ ముక్కే పోయింది. పొయ్యి మీద పాలు మాడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్న మొగుణ్ణి చూసి భార్య కనిపెట్టింది. ఇంకెవరికీ తెలియదు. బావమరిదికి తెలిస్తే ఊరందరికీ తెలిసినట్టే.

బకెట్లలో ఇరుక్కున్న చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

"బావా, ఒకటి చచ్చింది. ఆరిందా లేదా?"

ఆయన తొట్టిలో తల పెట్టి గట్టిగా పీల్చాడు. ఏమీ లేదు. వాసనే లేదో, ఉన్నా తనకు తెలియట్లేదో.

"ఇంకాస్త ఆగుదాం."

"నిన్నా అదే అన్నావు. నాకైతే ఏ వాసనా రావట్లేదు."

"చేపల మధ్య బతికేవాడివి, నీకేం తెలుస్తుందిలే."

నవ్వి దాటేయబోయాడు. బావమరిది అప్పటికే నీళ్ళ గొట్టం లాక్కొచ్చాడు. పొయ్యమంటే, అతుకు ఊడితే, ఇక జన్మలో పేరు రాదు. వద్దంటే ఎందుకో చెప్పాలి. గొట్టం చివర చేత్తో మూసి పట్టుకున్నాడు.

"మీ అక్కని పిలువు."

"అక్కెందుకు? ఇక్కడ వంట చెయ్యాలా?"

"నాకు వాసన తెలియదురా. జ్వరమొచ్చినప్పటి నుంచి."

బావమరిది నోరెళ్ళబెట్టాడు. "ముక్కు లేకుండానే పనిలోకి వచ్చావా?"

"చేతులతో వచ్చాను."

ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి తొట్టిలోకి వంగింది. తమ్ముడు పక్కనుంచి ఏమీ లేదని నసుగుతూనే ఉన్నాడు.

"నువ్వు నోరు మూస్తే నా ముక్కు పనిచేస్తుంది" అంది. మూలమూలా వాసన చూసి, "ముందువైపు లేదు. ఆ వెనక మూల ఇంకా పులుపుంది" అని తేల్చింది.

తిట్టుకుంటూ చేపల్ని కొట్లోని మిగతా తొట్లలోకి సర్దాడు తమ్ముడు. ఆవిడ పొద్దునా సాయంత్రం వచ్చి చూసేది. చివరికి ఏమీ లేదని తల అడ్డంగా ఊపాక నీళ్ళు పోశారు. కింద పరిచిన కాగితం తడవలేదు. అయినా ఆయన అడుగంచు వేలితో తడుముతూనే ఉన్నాడు.

బావమరిది మాట నిలబెట్టుకున్నాడు, తన పద్ధతిలో. "మా బావ అతుకు రాయే. ముక్కే కాస్త..." అని అందరికీ నవ్వుతూ చెప్పాడు. మొన్న కొట్టు ముందు కలిసినప్పుడు, ఓ పెద్దింట్లో తొట్టి పనుందని, వాళ్ళ ముందు అక్కని తీసుకొస్తే పరువు పోతుందని గొణిగాడు.

"మీ అక్క రాకపోతే నేనూ రాను" అన్నాడాయన. "వాళ్ళకి ముందే చెప్పు, అతికేది నేను, నీళ్ళు పొయ్యమనేది ఆవిడ."