మామ మెయిల్‌లో ఉదయగిరి ఆర్డర్లు

పని సగంలో వదిలేసి పోయాడని మా మామని అనకండి శెట్టిగారూ. నిన్న మీరు పదిమంది ముందు అన్నారు కాబట్టి నేనూ పదిమందికీ చెబుతున్నాను. తన కంప్యూటర్ షాపులో కుర్చీలోంచి లేస్తూ లేస్తూ గుండె ఆగి మామ పోయాడు. పెద్దకర్మ కూడా ఇంకా కాలేదు.

తొమ్మిదిలో బడి మానేసి తిరుగుతుంటే, ఆత్మకూరు తీసుకొచ్చి షాపులో కూర్చోబెట్టింది మామే. నాకు కాలు నిలవదని ఆయనకి తెలుసు. "మద్రాసుకి పోదువులేరా. ముందు ఇది నేర్చుకో, ఏడకి పోయినా కూడు పెడతాది," అనేవాడు.

శెట్టిగారిది విత్తనాల హోల్‌సేల్. వాళ్ళ మెయిళ్ళు చూసే పని మామదే. ఫోన్‌లో చెబితే మాట మారుతుందని, మెయిల్ లేనిదే బస్తా కదలనివ్వరు. అందుకే బ్రాంచీలు ఆర్డర్లు పంపడానికి 'ఆర్డర్స్' అని ఒక మెయిల్ అడ్రసు ఉంది. "అది ఉత్త పేరేరా. ఎవురింటికి పోవాల్నో మనం చెప్పాల," అనేవాడు మామ. దాన్ని తన మెయిల్‌కే తిప్పుకున్నాడు. గోడౌన్‌లో మెయిల్ తెరిచేవాళ్ళు లేరు. రోజూ పొద్దున్నే మామే టీ తాగుతూ గోడౌన్‌కి ఫోన్ చేసి ఆర్డర్లన్నీ చదివి వినిపించేవాడు, మధ్యమధ్యలో హమాలీలను తిట్టేవాడు. వాళ్ళు స్పీకర్ పెట్టుకుని మరీ వినేవాళ్ళు.

పోయేముందు మామ మెయిళ్ళని ఒక్కొక్కటిగా కొత్త సర్వర్‌కి మారుస్తూ ఉన్నాడు. అప్పటినుంచీ ఉదయగిరి బ్రాంచి ఆర్డర్లు రావడం లేదు. ఉదయగిరి పక్కన సీతారామపురంలో వాన పడింది. కంది విత్తనాల కోసం రైతులు వచ్చి ఉత్త చేతులతో పోతున్నారు. "రేపటికి తేల్చకపోతే పని నెల్లూరోళ్ళకి ఇచ్చేస్తా," అన్నారు శెట్టిగారు. ఈ పని పోతే మా అత్తకి షాపు లేదు.

నా ఫోన్ నుంచి 'ఆర్డర్స్'కి మెయిల్ పంపితే వస్తోంది. ఉదయగిరి నుంచి మాత్రం రాదు. ఆ బ్రాంచి మెయిల్ ఇంకా పాత సర్వర్‌లోనే ఉంది. ఆ సర్వరేమో 'ఆర్డర్స్' ఇంకా తన దగ్గరే ఉందనుకుని, వచ్చినవన్నీ తనలోనే దాచుకుంటోంది. ఆ పాత సర్వర్‌లో మామ మెయిల్ తెరిచాను. ఉదయగిరివన్నీ అందులోనే పడి ఉన్నాయి, ఒక్కటీ తెరవలేదు. ఒకదాంట్లో ఇలా ఉంది: "అన్నా, కంది అయిపోయినాది. బండి ఎప్పుడంపిస్తావు?"

పాత సర్వర్‌లో 'ఆర్డర్స్' అడ్రసు తీసేశాను, ఇక ఉదయగిరివి కూడా కొత్తదానికే వస్తాయి. కొత్తదాంట్లో మామ పేరు తీసి ఎవరిది పెట్టాలి?

"నీదే పెట్టరా," అంది అత్త.

"నేను మద్రాసు పోవాల గదత్తా."

"పో. వొద్దన్నానా? మరి పొద్దున్నే చదివేదెవురు?"

మామ పేరున్న చోట నా పేరే టైపు కొట్టాను.

ఇదిగో, ఉదయగిరి నుంచి కంది ఆర్డరు వచ్చింది. గోడౌన్ వాళ్ళు లైన్‌లో ఉన్నారు. నేను పోవాలి.