గురువు తరువాత ఖాళీ

మొన్న సాయంత్రం ఈదురుగాలి లేచే ముందు మా అబ్బాయి కొత్తగా కొన్న రేడియో గరగరలాడింది. మద్రాసు నుంచి ఎవరో ఆవిడ పాడుతోంది. దూరాన మెరుపు మెరిసినప్పుడల్లా పాట మధ్యలో టపటపమని మోత. అందరూ విసుక్కున్నారు. నేను మాత్రం పాట వదిలేసి ఆ మోతే వింటూ కూర్చున్నాను. సాగిన మోత ఒకటి, దాని వెనక పొట్టివి రెండు. భగణం అనుకున్నాను. అనుకోగానే నవాసాగరమూ కాలిన గాలీ కలిసిన వాసన ఒకటి ముక్కుకు తగిలినట్టయింది. ఆ వాసనతో పాటు భద్రయ్య మేష్టారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

భద్రయ్య మేష్టారిని మీలో ఎవరూ ఎరగరు. ఎరిగినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. గోదావరి మీద రైలు వంతెన కట్టిన కొన్నేళ్ళకు నేను ద్రాక్షారామం నుంచి రాజమహేంద్రవరం వెళ్ళి ఒక ఉన్నత పాఠశాలలో రెండో తెలుగు పండితుడిగా చేరాను. ఆయన అక్కడ సైన్సు చెప్పేవారు. నాకు మీసాలు సరిగా రాని వయసు, ఆయనకు ఉద్యోగం దిగిపోయే వయసు. సన్నటి మనిషి. కోటు జేబులో సుద్దముక్కతో పాటు ఎప్పుడూ ఏదో ఒక ఇత్తడి మర ఉండేది. పిల్లవాడు ఏ జవాబు చెప్పినా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: "చూశావా, అనుకున్నావా?" చూశానంటే సంతోషించేవారు. అనుకున్నానన్నా కోప్పడేవారు కాదు. అనుకున్నదాన్ని చూశానని చెప్పినవాడి మీద మాత్రం విరుచుకుపడేవారు. ఆ ప్రశ్న తలచుకుని మేం ఉపాధ్యాయుల గదిలో బాగా నవ్వుకునేవాళ్ళం. తెలుగు పండితులకు అసలు పనికిరాని ప్రశ్న అది. మేం పాఠం చెప్పే చంద్రోదయాలూ హంసలూ ఎవరు చూశారు గనక?

ఒక వేసవిలో ఆయనకు పెట్టె వచ్చింది. తీగ లేకుండా తంతి పంపే యంత్రం. ప్రధానోపాధ్యాయుణ్ణి ఏడాదిపాటు బతిమాలి, మద్రాసు కంపెనీ ఒకదాని ద్వారా ఇంగ్లండు సీమ నుంచి తెప్పించుకున్నారు. యంత్రమని పేరే గాని వచ్చింది విడి సామాను. కూర్చుకోవడం కొన్నవాడి పని. ఆ మర్నాడు ఆయన నన్ను వరండాలో ఆపారు.

"శాస్త్రిగారూ, సాయంత్రాలు మీకేం పనుందండీ?"

"ఏం లేదండీ మేష్టారూ."

"అయితే మా ఇంటికి రండి. నాకు చెవి ఉన్న మనిషి కావాలి."

ఛందస్సు చెప్పేవాడికి చెవి ఉంటుందని ఆయన నమ్మకం. అలా వెళ్ళాను. సామానంతా చాప మీద పరిచి, దానితో వచ్చిన ఇంగ్లీషు కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, నాకు తెలుగులో చెబితే గాని ఒక్క మర ముట్టనిచ్చేవారు కాదు. పట్టుదారం చుట్టిన రాగితీగ చుట్ట, రెండు ఇత్తడి గుండ్లు, లోహపు రజను పోసిన సన్నటి గాజు గొట్టం, చిటికెన వేలంత సుత్తి, ఒక గంట. ఇక్కడ మీట నొక్కితే గుండ్ల మధ్య నీలం రవ్వ ఎగురుతుంది. అక్కడ గొట్టంలోని రజను ఒకదానికొకటి అంటుకుంటుంది, గంట మోగుతుంది. సుత్తి గొట్టాన్ని తట్టగానే రజను విడిపోతుంది, గంట ఆగుతుంది. ఇంతే సంగతి. బ్యాటరీల కోసం వచ్చిన గాజు సీసాలు దారిలో పగిలిపోతే మేష్టారు ఇంట్లో మాగాయ జాడీలు ఖాళీ చేయించి, నవాసాగరం ఉప్పు కలిపిన నీళ్ళు పోసి, జింకు కడ్డీలు దింపారు. ఆయన భార్యను మేం అమ్మగారనేవాళ్ళం. ఆవిడ గుమ్మంలో నిలబడి, "మరి మాగాయ నా నెత్తిన పెట్టుకోమంటారా?" అని మాత్రం అన్నారు.

అన్నీ బిగించాక గంట సావిట్లో నా ముందు పెట్టి, మేష్టారు మీట పట్టుకుని పెరటి చివరికి వెళ్ళారు. మధ్యలో గోడలు, మూసిన తలుపులు. ఉన్నట్టుండి గంట దానంతట అదే మోగింది. అమ్మగారు వంటింట్లోంచి, "ఎవరొచ్చారు నాయనా?" అన్నారు. "ఎవరూ రాలేదమ్మా, మేష్టారే, పెరట్లోంచి" అన్నాను. నాకే నమ్మకం కుదరలేదు. వెళ్ళి చూస్తే ఆయన దూడ పక్కన నిలబడి చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నారు.

ఆ తరువాత తంతి భాష నేర్చుకోవాలి. పొట్టి మోతలూ పొడుగు మోతలూ కలిస్తే ఇంగ్లీషు అక్షరాలు. మేష్టారు పట్టిక ఇచ్చి నెల పడుతుందన్నారు. నేను చూసి నవ్వాను. పొట్టిది లఘువు, పొడుగుది గురువు. మూడేసి మోతల అక్షరాలు సరిగ్గా ఎనిమిది, మన గణాలూ ఎనిమిదే. ఎస్ అంటే నగణం, డీ అంటే భగణం, ఆర్ అంటే జగణం. అక్షరాలన్నీ నాకు పుట్టుకతో వచ్చినట్టే వచ్చేశాయి. మేష్టారికి పట్టరాని సంతోషం. ఆ సంతోషంలో ఆయన జీవితంలో మొదటిసారి పద్యం రాశారు. రాసి, తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో పెరట్లోంచి పంపారు. నేను రాసుకుని తెచ్చి చదివాను.

"నీటి మీద మాట నిలిచి పలుకునట్లు."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "నేను 'మునిగి' అని పంపానండీ."

"యతి కుదరదండీ మేష్టారూ. 'నీ'కి 'ని' ఉండాలి. అందుకని 'నిలిచి' అయి ఉంటుందని..."

"యతి సంగతి నేనడగలేదు. గంట ఏం మోగింది?"

నిజానికి గంట 'మునిగి' అనే మోగింది. నా చెవి విన్నది. నా చదువు దిద్దింది. దిద్దినట్టు నాకే తెలియలేదు.

"పద్యం దిద్దడం మీ ఉద్యోగమేనండీ, కాదనను" అన్నారాయన, ఎంతో మర్యాదగా. "కాని రేపు అవతల మనిషి పడవ మునిగిందని పంపితే, మీరు పడవ నిలిచిందని రాసుకుంటారు."

తిట్టినా అంత తగిలేది కాదు. ఆ మాటతో నాకు వినడం మళ్ళీ మొదటి నుంచి నేర్పారు. తెలియని అక్షరం వస్తే ఖాళీ వదలాలి. తెలిసిన మాటే వస్తున్నట్టున్నా ముందుకు ఉరకకూడదు. ఎంత కష్టమో చెప్పలేను. పద్యాలతో పెరిగినవాడికి సగం పాదం వినగానే మిగతా సగం నోట్లోకి వచ్చి కూర్చుంటుంది.

ప్రైవేటు మనుషులు అలాంటి యంత్రం వాడాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. కాకినాడ నుంచి తంతి శాఖ అధికారి ఒకాయన వచ్చి పరీక్ష చేస్తారన్నారు. ఆయనిచ్చిన సందేశం మా రేవు నుంచి ఎదురుగా నది మధ్యనున్న లంకకు పూర్తిగా చేరితే అనుమతికి సిఫారసు చేస్తారు, పెట్టె పాఠశాలలో ఉంటుంది. చేరకపోతే కంపెనీకి తిప్పి పంపేస్తారు. "ఇదొక్కటి పిల్లల చేత చేయించి దిగిపోతానండీ, ఇంకేం అక్కర్లేదు" అన్నారు మేష్టారు. ఆయన తనకోసం ఏదైనా కోరుకోవడం నేను వినడం అదే.

పరీక్ష రోజున ఆయన రేవులో మీట దగ్గర, పక్కన అధికారి. నేను లంక ఒడ్డున, సందేశం అందుకోవడానికి పడవ తెరచాప కొయ్యకు కట్టిన రాగితీగ కింద. నా పక్కన సాక్షిగా ప్రధానోపాధ్యాయులు. గంట మోగడం మొదలైంది. ఆర్ వచ్చింది, ఐ వచ్చింది. తరువాత వచ్చింది ఏ అక్షరమూ కాదు. మూడు లఘువులు, ఒక గురువు, మళ్ళీ లఘువు. అలాంటి అక్షరం పట్టికలో లేదు. ఖాళీ వదిలాను. మళ్ళీ ఆర్. అలా సందేశం పొడుగునా అక్కడక్కడా ఖాళీలు.

ప్రధానోపాధ్యాయులు నా భుజం మీంచి చూసి, "రివర్ అండీ" అన్నారు. "ఎదురుగా గోదావరి పెట్టుకుని ఇంకేమంటారు? ఆ రెండక్షరాలూ వేసెయ్యండి."

"నాకు వినబడలేదండీ."

"వినబడకపోతే ఏమైంది, కనబడుతోంది కదా. వెయ్యకపోతే పెట్టె పోతుంది శాస్త్రిగారూ. పాపం ఆ పెద్దమనిషి..."

ఆయన చెడ్డమాట ఏమీ చెప్పలేదు. మేష్టారి మీద ప్రేమతోనే చెప్పారు. మిగతా ఖాళీలూ ఏమిటో నాకు తెలుసు. కలం కాగితం మీద ఆనించే ఉంచాను. చివరికి కలం మూసి, కాగితం ఉన్నదున్నట్టు మడిచాను. పడవలో తిరిగి వస్తుంటే రేవులో మేష్టారు చెయ్యి నొసట పెట్టుకుని మా వైపే చూస్తున్నారు. అంత దూరం నుంచి చెప్పలేక తల దించుకున్నాను. అధికారి కాగితం చదివి, "సగానికి పైగా వచ్చింది, మంచి ప్రయత్నమే. కాని నేను సిఫారసు చెయ్యలేనండీ" అన్నారు. ఆయన తప్పు కూడా లేదు.

ఆ సాయంత్రమే సైన్సు గదిలో సామాను విప్పి గడ్డిలో పేర్చాం. మధ్యలో మేష్టారు ఆ కాగితం అడిగి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. కాసేపటికి ఉత్సాహంగా పిలిచారు. "శాస్త్రిగారూ, ఇది చూశారా? ఇక్కడ వీ పోయింది, ఇక్కడ యూ, ఇక్కడ ఏ. అన్నిటికీ చివర గురువే. గురువు తరువాత నా చెయ్యి ఆగడం లేదండీ, పక్క అక్షరంలోకి దూకుతోంది. ఆ అధికారి పక్కన నిలబడేసరికి తొందరపడ్డాను. రేపు గనక కాస్త నెమ్మదిగా..." అని గడ్డిలో ఉన్న గొట్టం వైపు చూసి ఆగిపోయారు.

"నేను పూరిస్తే బాగుండేదా మేష్టారూ?" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"పూరిస్తే నా తప్పు నాకు కనబడేది కాదు" అన్నారు. తరువాత, మూత మీద మేకు పెడుతూ, "పెట్టె ఉంటే బాగుండేదండీ, అబద్ధమెందుకు" అన్నారు. మళ్ళీ అలాంటి యంత్రం ఆయన ముట్టుకోలేదు.

ఉద్యోగం దిగాక ఆయన పెద్దాపురంలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. కొన్నేళ్ళకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని కబురు తెలిసి చూడబోయాను. మాట పూర్తిగా పోలేదు, ముక్కలైంది. నేను వెళ్ళేసరికి "కా..." అంటున్నారు. "కాఫీ కావాలా నాన్నగారూ?" అన్నాడు కొడుకు. కాదని తల తిప్పారు. "కాళ్ళు లాగుతున్నాయా?" కాదు. "కాశీ తీసుకెళ్ళమంటున్నారేమో" అన్నాడు పక్కింటాయన. అందరూ ఆయన మీద ఆపేక్షతోనే అందిస్తున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం గోడవైపు తిప్పేసుకున్నారు.

నేను మంచం దగ్గరికి జరిగాను. "మేష్టారూ, 'కా' వినబడింది. తరువాతది రాలేదండీ. మళ్ళీ పంపండి." పంపండి అనే వచ్చింది నోటికి.

ఆయన మెల్లగా ఇటు తిరిగారు. పెదవులు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "కా... మే..."

"'కా' వచ్చింది, 'మే' వచ్చింది. తరువాత ఖాళీ." కొడుకు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"...రి."

"చివర 'రి' వచ్చిందండీ" అన్నాను. నాకేమీ అర్థం కాలేదు. విన్నది విన్నట్టు పైకి చదివానంతే.

మజ్జిగ గ్లాసుతో గుమ్మం దాటబోతున్న అమ్మగారు అక్కడే నిలిచిపోయారు. "కామేశ్వరి" అన్నారు. "నా పేరు, నాయనా."

అన్నేళ్ళు ఆ ఇంట్లో తిరిగీ నాకు ఆవిడ పేరు తెలియదు. ఆ రోజుల్లో పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు. ఆయన "ఇదిగో" అని తప్ప పిలవగా ఎవరూ వినలేదు, అందుకే కన్నకొడుక్కి కూడా తోచలేదు. ఆవిడ వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, "ఇక్కడే ఉన్నానండీ" అన్నారు. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఇంకేమీ అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నాకు చెవుడు మొదలైందనుకుంటున్నారు. ఎవరైనా మాట మధ్యలో ఆపితే మిగతాది నేను అందించను, మళ్ళీ చెప్పమంటాను. మనవరాలు విసుక్కుంటుంది, మా ఆవిడ గట్టిగా అరిచి చెబుతుంది. నేనేమీ అనుకోను. ఆ రోజు 'కా' తరువాత నేను కూడా 'ఫీ' అని అందించి ఉంటే, ఆవిడ గుమ్మంలోంచే వెనక్కి తిరిగి, వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలిపేవారు.