మాణిక్యమ్మ, మాణిక్యమ్మ 5జి

దెయ్యాల కథలు ఇష్టంగా చదువుతాను గాని, దెయ్యాలున్నాయని ఏనాడూ నమ్మలేదు. చీకట్లో పెరట్లోకి ఒక్కదాన్నే వెళ్తాను. నా భయమల్లా మనుషులంటేనే, అందులోనూ ఎదురుగా నిలబడి మాట్లాడాల్సిన మనుషులంటే. అందుకే ఇది డైరీలో రాసుకున్నది రాసుకున్నట్టే చెబుతున్నాను.

మాది తణుకు. నాన్నగారికి బియ్యం కొట్టు ఉంది. మొన్న శ్రావణంలో ఇంట్లో కొత్త నెట్ పెట్టించారు. బిగించడానికొచ్చినాయన ఏం పేరు పెట్టమంటారని అడిగితే, అమ్మ చనిపోయిన మా మామ్మ పేరు చెప్పింది. రౌటర్లో రెండు పేర్లు వచ్చాయి: మాణిక్యమ్మ, మాణిక్యమ్మ 5జి. పాత మెషిన్లకి మొదటిది, కొత్తవాటికి రెండోది అని ఆయన వివరంగానే చెప్పాడు.

నాన్నగారికి నచ్చలేదు. ఒక కొట్టుకి రెండు బోర్డులుంటే వచ్చినవాళ్ళు తికమకపడి పక్క కొట్టుకి పోతారని ఆయన నమ్మకం.

"మా అమ్మ ఒక్కతేనండి. ఇద్దరెందుకు? ఆ అయిదున్నది ఉంచి, ఉత్తది తీసేయండి."

ఆయన ఆపేశాడు. అమ్మ రౌటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టింది.

నా లాప్‌టాప్ మా పెద్దమ్మ కూతురు వాడి వదిలేసినది. దానికి ఆ 5జి పేరు అసలు కనపడదు. అది పట్టుకునే ఫ్రీక్వెన్సీ వేరట. ఈ సంగతి నాకు మర్నాడు తెలిసింది. ఆ సాయంత్రం అయిదింటికి ఒక కథల పోటీకి గడువు అయిపోతుంది.

నేను కథలు రాస్తానని ఇంట్లో ఎవరికీ తెలీదు. పైగా ఆ కథలో ఒక బియ్యం కొట్టాయన ఉన్నారు. ఆయన్ని చూసి పాఠకులు నవ్వాలి.

నా ఫోన్ రిపేరులో ఉంది. నెట్ సెంటర్‌కి వెళ్దామంటే అక్కడాయన ప్రతి కాగితాన్నీ పైకి చదివి గాని పంపడు. పక్కింటివాళ్ళ పాస్‌వర్డ్ అడుగుదామని రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. అమ్మ బటన్ల ఫోన్లోంచి బిగించినాయనకి చేస్తే, కొవ్వూరులో ఉన్నాను, రేపొస్తానండి అన్నాడు.

నాలుగూ పదహారుకి తెర మీద ఒక పేరు కనపడింది. ఉత్త మాణిక్యమ్మ. నొక్కాను. పాస్‌వర్డ్ కూడా అడగలేదు. కథ వెళ్ళింది, అందిందని మెయిల్ వచ్చింది. నాలుగూ ఇరవై రెండుకి ఆ పేరు మాయమైంది.

మర్నాడు బిగించినాయన వస్తే, ముందురోజు ఆ పేరు కాసేపు కనపడిందని చెప్పాను. ఆయన తన ఫోన్లో అన్నీ తెరిచి చూశాడు. తను ఆపేసిన దగ్గర్నుంచీ ఆ పేరు ఒక్క నిమిషం కూడా ఆన్ కాలేదట. అమ్మాయిగారు పొరబడి ఉంటారండి అన్నాడు. నేను సరేనని తలూపేసేదాన్నే. నాన్నగారు ఊరుకోలేదు.

"మా అమ్మాయి అసలు మాట్లాడదండి. మాట్లాడిందంటే మాత్రం అబద్ధం ఉండదు. చూపించమ్మా."

నా దగ్గరున్న రుజువల్లా ఆ మెయిలే. చూపిస్తే నా గుట్టు పోతుంది, చూపించకపోతే నాన్నగారి మాట పోతుంది. బిగించినాయన ఉత్త మాణిక్యమ్మని మళ్ళీ ఆన్ చేశాక, మెయిల్ తెరిచాను.

నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, టైము వదిలేసి కథ పేరు చదివారు. 'మా వీధి మొండి షావుకారు'.

"ఇదెవరమ్మా?"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బిగించినాయన సంచీ సర్దుకున్నాడు.

ఆ సాయంత్రం కథంతా పైకి చదివి వినిపించాల్సొచ్చింది. నా గొంతు అంతసేపు మా ఇంట్లో ఎవరూ విని ఉండరు. నాన్నగారు రెండుచోట్ల నవ్వారు. ఒకచోట మాత్రం, బస్తా కుట్టే పద్ధతి అది కాదని, పంపే ముందు తనని అడగాల్సిందని నొచ్చుకున్నారు.

ఫలితం ఇంకా రాలేదు. రోజూ భోజనాల దగ్గర దాని గురించే అడుగుతున్నారు. ఆ ఆరు నిమిషాల సంగతి ఎవరికీ పట్టలేదు. నేనే అప్పట్నుంచీ ఫ్రీక్వెన్సీల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. ఆపేసిన పేరు తనంతట తను ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.