పార్కు స్థలం

నరసరావుపేట శివార్లలోని కొత్త కాలనీకి ప్లాను గీసింది డ్రాఫ్ట్స్‌మన్ ఖాజావలే. ఇరుకు సందులో పుట్టి పెరిగినవాడు కాబట్టి రోడ్లు వెడల్పుగా, ఇళ్లన్నీ ఒకే తీరుగా, ప్రతి గదిలోకీ గాలీ వెలుతురూ వచ్చేలా, నడిమధ్యన పిల్లలకు పార్కు ఉండేలా గీశాడు. తనూ అక్కడే ఇల్లు తీసుకున్నాడు. రోజూ సాయంత్రం ఉతికిన లాల్చీ వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని వీధులన్నీ తిరుగుతాడు. ఒకరు వరండా మూసేసి బియ్యం కొట్టు పెట్టారు. ఇంకొకరు ప్రహరీని రోడ్డు మీదికి జరిపారు. మొదట్లో ఇదేమిటని అడిగేవాడు. జనం నవ్వేసరికి మానుకున్నాడు. ఇప్పుడు అలాంటి గోడ దగ్గర ఆగి, అరచేత్తో ఒకసారి తడిమి కదిలిపోతాడు.

ఎనభై ఏడో సంవత్సరం వేసవిలో ఒకనాడు, పత్తి వ్యాపారి సాంబయ్య పార్కు స్థలంలో కొట్లు కట్టడానికి ముగ్గు పోయిస్తున్నాడు.

"ఇది పార్కు గదా సాంబయ్యా!" అన్నాడు ఖాజావలి.

"ఏంది సాయిబుగారూ, ఇన్నేళ్లూ ముళ్లకంపే గదా మొలిచింది! ఎవరికి పట్టింది? ఇట్టా వచ్చి ఈ తాడు పట్టుకోండి. మావాళ్లకి మూల కుదరటంలా."

ఖాజావలి చుట్టూ చూశాడు. డాబాల మీద జనం నిలబడి వేడుక చూస్తున్నారు. ముగ్గు గీత చానా వంకరగా పోయింది. ఆ వంకరను అతను చూడలేకపోయాడు. లాల్చీ చేతులు పైకి మడిచి, మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, తాడు బిగించి, కొట్ల మూలలన్నీ సరిచేసి ఇచ్చాడు.