పై కొట్టులో తాగిన టీ

మా ఊళ్ళో ఒక మాట ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. ఆ ఏడు ఉపసర్పంచి ఎన్నికలో ఏ పార్టీకీ చెందని మధ్యవాళ్ళను ముంచింది మా బావేనని, ముందురోజే పై కొట్టులో కూచుని టీ తాగి అటు కలిసిపోయాడని. బావ చనిపోయి రెండు వేసవులు దాటింది. ఆ మాట మాత్రం చావలేదు. దాన్ని పుట్టించింది నేను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది రెంటచింతలకూ మాచర్లకూ మధ్య ఊరు. నేను మాచర్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. ఊళ్ళో రెండు పార్టీలు. జెండాలు మారుతుంటాయి గాని మనుషులు మారరు. బడి పక్కనున్న టీ కొట్టు ఒక పార్టీది, మాచర్ల రోడ్డు వారనున్నది రెండో పార్టీది. పై కొట్టు, కింది కొట్టు అంటాం. పై కొట్టులో గ్లాసు పట్టుకున్నవాడు కింది కొట్టు ముందు నుంచి పోవాల్సి వస్తే తల తిప్పుకుని పోతాడు. ఊరికి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు కూడా, ఏ కొట్టులో కూచోవాలో ముందే చెప్పి పంపుతారు. ఎక్కడ టీ తాగితే అక్కడి మనిషి. పై కొట్టుకు పెద్ద మా బాబాయి, మా నాన్న సొంత తమ్ముడు.

బావ నాకు చుట్టమేమీ కాదు, పక్కింటి వరస. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. మిరప, పత్తి వేసేవాడు. డిగ్రీ రెండో ఏడు మానేసి నాగలి పట్టినా చదువు మీద ఆశ పోలేదు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట, బయట కోడి కూడా తిరగని ఎండలో, తల మీద తువ్వాలు కప్పుకుని మా వసారాలోకి వచ్చేవాడు. నేను కాలేజీకి రాసుకున్న నోట్సు తిరగేస్తూ నేల మీద పడుకునేవాడు.

ఒక రోజు ఆయన చేతికి ఐరోపా పాఠం దొరికింది. అక్కడ పాతిక పైచిలుకు దేశాలు కలిసి నడుపుకునే ఉమ్మడి పార్లమెంటు ఒకటుంది. దాని సభ అర్ధచంద్రాకారంలో ఉంటుంది. సభ్యులు దేశాల వారీగా కూచోరు, అభిప్రాయాల వారీగా కూచుంటారు. ఎడమవైపు వాళ్ళు ఎడమన, కుడివైపు వాళ్ళు కుడిన, నడిమధ్యన ఉదారవాదులూ మధ్యేవాదులూ. ఒక గుంపుగా గుర్తింపు రావాలంటే కనీసం ఏడు దేశాల సభ్యులుండాలి. అందువల్ల ఒకరి భాష ఒకరికి రాని చిన్న చిన్న పార్టీలు ఒకచోట చేరతాయి. సొంత దేశంలో ఒకరి మీద ఒకరు పోటీ చేసే పార్టీలు కూడా అక్కడికి పోయాక ఒకే గుంపులో కూచుంటాయి. ఎవరికీ సొంతంగా మెజారిటీ రాదు కాబట్టి పెద్ద గుంపులు ఈ మధ్యవాళ్ళ దగ్గరికి రాక తప్పదు.

బావ ఆ నాలుగు పేజీలు రెండుసార్లు చదివాడు. తరవాత లేచి కూచున్నాడు.

"ఏంది బావా ఇది? ఊళ్ళో కొట్టుకునేవాళ్ళు ఆడికి పోయి ఒకే బల్ల మీద కూచుంటారా?"

కూచుంటారన్నాను. వాళ్ళలోనూ తగాదాలుంటాయని, ఒక పార్టీ తన దేశంలో గిట్టనివాళ్ళతో చేతులు కలిపితే తక్కినవాళ్ళు దాన్ని గుంపులోంచి తీసేయమంటారని కూడా చెప్పాను. ఆయనకు అవేవీ పట్టలేదు.

"మన ఊళ్ళో ఈ కొట్టోడూ ఆ కొట్టోడూ ఒకచోట కూచోవాలంటే, మధ్యలో పెళ్ళికొడుకన్నా ఉండాలి, పీనుగన్నా ఉండాలి" అన్నాడు. ఇద్దరం చానాసేపు నవ్వుకున్నాం.

ఆ తరవాత వచ్చిన పంచాయతీ ఎన్నికల్లో సర్పంచి పదవి పై కొట్టుకు పోయింది. తొమ్మిది వార్డుల్లో మూడు వాళ్ళవి, రెండు కింది కొట్టువి, ఒకదానికి నామినేషనే పడలేదు. మిగిలిన మూడూ ఏ కొట్టు మద్దతూ లేకుండా గెలిచాం. ఒకటి బావ, ఒకటి నేను, మూడోది చర్చి వీధి నుంచి గెలిచిన అక్క. ఆమె అంగన్‌వాడీలో చేసి మానేసిన మనిషి. ఎవరి ముందైనా ఉన్న మాట అనేస్తుంది. మమ్మల్ని ముగ్గురినీ కలిపింది బావే. మధ్యవాళ్ళకు కొట్టు లేదు కాబట్టి బస్సు షెల్టరులో సిమెంటు బల్ల మీద కూచునేవాళ్ళం. మాచర్ల బస్సు వస్తే దానికోసమే ఉన్నట్టు లేచి నిలబడేవాళ్ళం, బస్సు పోయాక మళ్ళీ కూచునేవాళ్ళం. ఊళ్ళోవాళ్ళు మాకు షెల్టరు పార్టీ అని పేరు పెట్టారు.

మాకు ఒకటే పని ఉండేది. ఓట్ల లెక్కింపు అయిన మర్నాడే కింది కొట్టుకు చెందిన మూడు కుటుంబాలు భయపడి ఊరు విడిచి పోయాయి. మాచర్లలో గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నాయి. వాళ్ళ చేలు బీళ్ళయ్యాయి. అక్కను ఉపసర్పంచిని చేసుకుంటే, ఏ కొట్టుకూ చెందని కుర్చీ ఒకటి ఉంటుంది, దాని ముందు రెండు పక్షాలనూ కూచోబెట్టి ఆ కుటుంబాలను వెనక్కి తేవచ్చు అని బావ ఆలోచన. కింది కొట్టు ఇద్దరూ సరేనన్నారు. వాళ్ళిద్దరు, మేం ముగ్గురం, ఐదు చేతులు. అటు సర్పంచితో కలిపి నాలుగు. కోరం లేక వాయిదా పడుతూ వచ్చిన ఉపసర్పంచి ఎన్నిక చేతులెత్తే పద్ధతిలోనే జరుగుతుంది.

ఎన్నికకు రెండు రోజుల ముందు షెల్టరులో బావా నేనూ ఇద్దరమే ఉన్నాం. పై కొట్టుకు చెప్పకుండా గెలిస్తే ఆ కుటుంబాలు వచ్చినా బతకనివ్వరేమోనని ఆయన బెంగ. అయితే వెళ్ళి మా బాబాయితో మాట్లాడమన్నాను. బావ నా వైపు చూశాడు.

"ఆ కొట్టులో కూచుంటే ఊరు ఏమనుకుంటది?"

"మధ్యనున్నవాడు రెండు పక్కలా మాట్లాడకపోతే మధ్యనుండి ఏం లాభం బావా? ఆ పార్లమెంటులో వాళ్ళు రోజూ చేసే పని అదే" అన్నాను.

ఈ మాట నేనన్నాను. అప్పుడు అక్కడ ఇంకెవరూ లేరు.

మర్నాడు పొద్దున బావ పై కొట్టుకు పోయాడు. మా బాబాయి ఎదురుగా కూచుని ఆ కుటుంబాల సంగతి ఎత్తాడు. బాబాయి అవునని గాని కాదని గాని అనకుండా టీ చెప్పాడు. మర్యాద కోసం బావ తాగాడు. అరగంటలో ఊరంతా తెలిసింది.

ఆ మధ్యాహ్నం బాబాయి మా ఇంటికి వచ్చాడు. కోపంగా రాలేదు. మజ్జిగ తాగాడు, మా ఆవిడను ఆరోగ్యం అడిగాడు, నా నోట్సు కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద తన ఫోను పెట్టాడు. లేచేటప్పుడు అన్నాడు:

"నీ చెయ్యి నీ ఇష్టంరా. ఒరేయ్, కాలవ నీళ్ళు మాత్రం నా చేను దాటే నీ చేలోకి రావాల."

అంతే. సాగర్ కుడి కాలవ కింద చివరి ఎకరాలు నావి. ఆ ఏడు మిరప వేద్దామని నారు పోసి ఉన్నాను.

మర్నాడు పంచాయతీ ఆఫీసులో ఫ్యాను కింద అందరం కూచున్నాం. ఎన్నికల అధికారి ముందు పై కొట్టు అభ్యర్థి పేరు చదివాడు. నాలుగు చేతులు లేచాయి. తరవాత అక్క పేరు చదివాడు. కింది కొట్టు ఇద్దరూ ఎత్తారు. అక్క ఎత్తింది. బావ ఎత్తాడు. ఆయన చేతికి ఇంకా పత్తి మందు వాసన ఉంది, పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. నా చెయ్యి మోకాలి మీదే ఉంది. అధికారి ఒకసారి నా వైపు చూసి ఆగాడు. నేను ఎదురుగా గోడ మీదున్న క్యాలెండరు వైపు చూశాను. నాలుగూ నాలుగూ సమానమని ఆయన రాసుకున్నాడు. చీటీలు తీశారు. పై కొట్టు పేరు వచ్చింది.

బయట వరండాలో జనం ముందే అక్క నన్ను నిలబెట్టింది.

"చెయ్యి ఎందుకెత్తలేదు తమ్ముడూ?"

నీళ్ళ కోసమని చెప్పాల్సింది. భయమేసిందని చెప్పినా సరిపోయేది. నేను ఇలా అన్నాను:

"నిన్న పై కొట్టులో టీ తాగినాయన్ని అడుగక్కా. ఆయనే అటు కలిసినాక నా చెయ్యి ఒక్కటీ ఎందుకు?"

వరండా అంతా బావ వైపు తిరిగింది. బావ నా వైపు చూశాడు. నువ్వే గదా పంపావని ఆయన అంటాడనుకున్నాను. ఆయన అనలేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బావ చెయ్యి ఎత్తడం అందరూ చూసిందే. అయినా పైకి ఎత్తినట్టు ఎత్తి లోపల పని నడిపాడని సాయంత్రానికి ఊరు తీర్మానించుకుంది. ఏ కొట్టులో టీ తాగాడో కనబడ్డాక, చెయ్యి ఎవరిక్కావాలి?

వారం తరవాత ఆయన చేను గట్టు మీద దొరికాడు. నేనే పంపానని ఎందుకు చెప్పలేదని అడిగాను. మిరప మొక్కల వైపే చూస్తూ అన్నాడు:

"చెప్తే మధ్యవాళ్ళలో ఇద్దరం పోతాం బావా. చెప్పకపోతే ఒకణ్ణే పోతా. నువ్వూ అక్కా ఉంటే ఆ మూడిళ్ళ వాళ్ళను ఎప్పటికన్నా తెస్తారు."

నేను షెల్టరుకు పోవడం మానేశాను. అక్క కొన్నాళ్ళు ఒక్కతే వచ్చి కూచుని, తరవాత ఆమె కూడా మానేసింది. ఆ కుటుంబాలు ఇంకా మాచర్లలోనే ఉన్నాయి. కాలేజీకి పోయేటప్పుడు వాళ్ళ సందు ముందు నుంచి బస్సు పోతుంది. ఆ ఏడు నా చేలోకి నీళ్ళు నిండుగా వచ్చాయి.

బావను ఏ కొట్టులోనూ కూచోనివ్వలేదు. పై కొట్టువాళ్ళకు ఆయన పనికిరాడు, కింది కొట్టువాళ్ళకు ద్రోహి. పనికి కూలీలు కూడా అటూ ఇటూ చూసి వచ్చేవాళ్ళు. రెండు వేసవుల కిందట, నడి ఎండలో, చేలో ఒక్కడే మిరపకట్టె పీకుతూ పడిపోయాడు. సాయంత్రం దాకా ఎవరూ చూడలేదు. ఎండదెబ్బ అన్నారు. పక్కన ఒక మనిషి ఉంటే నీడకు లాగేవాడు, నీళ్ళు పోసేవాడు. పక్కన మనిషి లేకుండా చేసింది ఎవరో నాకు తెలుసు.

ఆ రోజు ఆయన ఇంటి ముందు పై కొట్టు వాళ్ళూ కింది కొట్టు వాళ్ళూ ఒకే టెంటు కింద కుర్చీల్లో కూచున్నారు. మధ్యలో ఆయన ఉన్నాడు. మా వసారాలో ఇద్దరం నవ్వుకున్న నవ్వు నాకు వినబడింది. అప్పట్నుంచీ వినబడుతూనే ఉంది.

క్లాసులో బోర్డు మీద అర్ధచంద్రం గీసి, ఇందులో మధ్యన ఎవరు కూచుంటారో తెలిసినవాళ్ళు చేతులెత్తండి అంటాను. చేతులు లేస్తాయి. నేను లెక్కపెట్టడం మొదలుపెడతాను, ఒకటి తగ్గుతుంది. మళ్ళీ లెక్కపెడతాను. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

పోయిన నెల అక్క ఇంటికి పోయి అంతా చెప్పాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ ఆగకుండా విన్నది.

"ఇంకెవరికి చెప్పావు?"

నీకేనన్నాను.

"నాకు చెప్పి ఏం లాభం? ఆయన్ను చంపిన మాట కొట్లలో తిరుగుతుంది. ఆడికి పోయి చెప్పు, రెండిట్లోనూ."

మర్నాడు పొద్దున పై కొట్టుకు పోయాను. టీ చెప్పలేదు. నిలబడే చెప్పాను, బావను అక్కడికి పంపింది నేనేనని, చెయ్యి ఎత్తనిది నీళ్ళ కోసమని. బాబాయి ముసలివాడయ్యాడు. గ్లాసు కింద పెట్టి, ఇప్పుడెందుకురా ఇయన్నీ అన్నాడు. ఇంకెవరో నాకు కుర్చీ జరిపారు. నేను కూచోలేదు. రోడ్డు దిగి కింది కొట్టుకు పోయి అవే మాటలు మళ్ళీ చెప్పాను. అక్కడ ఒకాయన టీ పారబోసి లేచి వెళ్ళిపోయాడు.

చివరికి బావ ఇంటికి పోయాను. ఆయన భార్య నాకు చెల్లెలి వరస. గుమ్మంలో నిలబడి నేను మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు ఆనాడే తెలుసన్నా. మెట్లు దిగి నేరుగా ఇంటికొచ్చి చెప్పాడు. నోరు జారొద్దని ఒట్టు వేయించుకున్నాడు. మా బావే చెప్తాడు, కొంచెం టైము పట్టుద్ది అనేవాడు." ఆగి, "చానా ఏళ్ళు చూశాడు" అంది.

లోపలికి రమ్మనలేదు. పొమ్మననూ లేదు. షెల్టరు దాకా నడిచి వచ్చాను. బల్ల మీద బావ చోటు వదిలి ఈ చివర కూచున్నాను. మాచర్ల బస్సు వచ్చింది. లేవలేదు. డ్రైవరు హారన్ కొట్టి, కాసేపు చూసి, పోనిచ్చాడు.