గొర్రెల సూది

ఎన్నేళ్లుగానో గుండెల మీద మోస్తున్న బరువిది. మీ ముందు దించుతున్నాను. జాలిపడమని కాదు. జాలి నాకు పడదు.

తిరుమలగిరి పక్కన మా ఊళ్లో గొర్రె కుంటితే నన్నే పిలుస్తారు. గిట్టల్లో చీము పట్టిన గొర్రెకు యాంటీబయాటిక్ సూది వేస్తే, మళ్లీ మందతో కలిసి నడుస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో నా అంత తేలిక చేయి ఇంకొకరికి లేదు. ఆ గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

మా అత్తకు మోకాళ్ల నొప్పులు వచ్చి కుంటడం మొదలుపెట్టింది. కుంటే గొర్రె నడిచింది కదా, కుంటే మనిషి ఎందుకు నడవదు? ఎవరినీ అడగలేదు. అడిగితే నా చేతి మీద నాకే నమ్మకం లేనట్టు కదా! ఆ సూదే ఆమె తుంటికి వేశాను. మర్నాడు లేచి మంద వెంట పోయింది. "నా కోడలి చేతిల మహిమున్నది" అని వాడకట్టంతా చెప్పుకుంది. నా కాళ్లు నేల మీద ఆగలేదు. మళ్లీ వేశాను. ఆ తర్వాతా వేశాను.

సూది వేసిన చోట గడ్డ లేచి చీము పట్టింది. జ్వరంతో వణుకుతుంటే నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాను.

"ఈడ సూది ఎవరిచ్చిన్రు?" అన్నాడు డాక్టరు.

"ఎవ్వరియ్యలే సారూ. తుమ్మముల్లు గుచ్చుకున్నది" అంది అత్త.

"మోకాళ్లు అరిగినయ్ అవ్వా. ఊళ్లల్ల గొర్రెల సూదులు ఏయించుకొని శానమంది ఇట్లనే వస్తున్నరు. చీముకిచ్చే మందు అరుగుదలకేం పనిచేస్తది?"

అడిగింది అత్తనే, చూసింది మాత్రం నన్ను. నోరు పెగల్లేదంటే అబద్ధం. నేనే పెగలనియ్యలేదు. ఒప్పుకుంటే రేపటి నుంచి గొర్రెను నా దగ్గరికెవరు తెస్తారు?

గడ్డ కోసి కట్టు కట్టారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను, నొప్పి తగ్గిందని ఎందుకు చెప్పావని.

"గంత మురిపెంగ ఇస్తివి. తగ్గలేదని ఎట్లంటనే?"

కొన్నేళ్లకు అత్త చనిపోయింది. సూది సంగతి ఎవరికీ చెప్పకుండానే పోయింది. అట్లాంటి మనిషికి కోడలినైనందుకూ గర్వమే నాకు. ఆ గర్వానికి నేను తగుదునా?

మొన్న ఒకామె వాళ్లమ్మను నడిపించుకొచ్చింది. "మీ అత్తకేసిన సూదే మా అమ్మకు కూడ ఎయ్యక్కా" అంది. వేయనన్నాను. కారణం చెప్పలేదు. నాకు పొగరని తిట్టుకుంటూ పోయింది.

పొగరే. కానీ వినమ్మా, ఆ సూది మా అత్తకు పనిచేయలేదు. ఒక్కనాడు కూడా నొప్పి తగ్గలేదు. నా పేరు నిలబెట్టడానికి, ఆ మోకాళ్లతోనే, పళ్లు బిగబట్టి, ఊరి నడుమ నుంచి కుంటకుండా నడిచింది.