తప్పుల డబ్బా

నా చిన్నప్పుడు మా ఇంట్లో తప్పులు దాచుకోవడానికి ఒక డబ్బా ఉండేది. బిస్కట్లు అయిపోయాక మిగిలిన రేకు డబ్బా. మా నాన్నగారికి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చి, తెనాలి నుంచి సర్కారు క్వార్టర్సుకి మారిన కొత్తలో మా అమ్మ దాన్ని వంటింటి గూట్లో పెట్టింది. అరవై నాలుగేళ్ళు వచ్చాక, ఈ మయూర్ విహార్ ఫ్లాట్‌లో అలాంటి డబ్బానే నేనూ పెట్టుకుంటానని అనుకోలేదు. నాకు అవసరం పడింది స్పానిష్ కోసం.

మా అమ్మాయి గుర్‌గావ్‌లో తనతో పనిచేసే స్పెయిన్ అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. వియ్యపురాలికి స్పానిష్ తప్ప మరో భాష రాదు. ఆదివారం వీడియో కాల్‌లో ఆవిడ చేతులు తిప్పుతూ రెండు నిమిషాలు మాట్లాడితే, మా అమ్మాయి రెండు ముక్కల్లో తేల్చేసేది: "బాగున్నారా అంటోంది." అంతసేపు అదే అడిగిందా అని నాకు ఒళ్ళు మండేది. ఈ చలికాలం ఆవిడ వచ్చి మా ఇంట్లో నెల రోజులు ఉంటుంది. ఇద్దరు తల్లులం ఒక వంటింట్లో నిలబడి మూగవాళ్ళలా నవ్వుకోవాలా? అదేం కుదరదని ఆ రోజే పంతం పట్టాను.

ఫోన్‌లో పాఠాలున్నాయి. పొద్దున్నే ఒక పాఠం వింటాను, మాటల్ని తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్‌లో రాసుకుంటాను, పోపు వేస్తూ పైకి చదువుతాను. ఇల్లంటే కాసా, బల్లంటే మెసా, నీళ్ళంటే అగువా. చాలా మాటలు మనవాటిలాగే అచ్చుతో ముగుస్తాయని తెలిసి ప్రాణం లేచొచ్చింది. మనం పక్కన పెట్టేసిన బండి ఱ దగ్గర మాత్రం నాలుక మొరాయిస్తుంది. ఇంట్లో పనిచేసే దీదీ, నేనెవరితో దెబ్బలాడుతున్నానో అని వంటింట్లోకి తొంగి చూస్తుంది. ఇవన్నీ బాగానే సాగాయి గానీ, మనిషితో మాట్లాడాలంటే మాత్రం తప్పులొస్తాయని వెనకాడేదాన్ని. అప్పుడే అమ్మ డబ్బా గుర్తొచ్చింది.

ఢిల్లీ వచ్చేనాటికి అమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు, నేర్పేవాళ్ళూ లేరు. పద్ధతి తనే కనిపెట్టుకుంది. ఊరి నుంచి వచ్చిన చింతపండు ఒలిచి, గింజలు పారెయ్యకుండా దాచేది. హిందీలో ఒక తప్పు మాట్లాడితే డబ్బాలో ఒక గింజ. నేను బడి నుంచి రాగానే కూరలబండి దగ్గరికి వెంటబెట్టుకెళ్ళేది. చిన్నపిల్లని కదా, నాకు హిందీ త్వరగానే అర్థమైపోయింది. "నువ్వు నోరెత్తకు, లెక్కపెట్టు" అనేది.

అది శిక్షల డబ్బా అనుకున్నాను నేను. "ఇవాళ రెండే అమ్మా" అని ఒకరోజు సంబరంగా చెబితే అమ్మ మొహం చిన్నబోయింది. "అయితే నిన్నటి మాటలే మళ్ళీ మాట్లాడానన్నమాట" అంది. మర్నాడు బండివాడిని వాళ్ళ ఊరి సంగతులన్నీ అడిగి, ఇంటికొచ్చి పదకొండు గింజలు వేసుకుంది.

నేను మాత్రం అమ్మకి పూర్తిగా వ్యతిరేకం. తప్పొస్తే నవ్వుతారని క్లాసులో నోరే విప్పేదాన్ని కాదు. మూడో తరగతిలో టీచర్ విసిగిపోయి, నన్ను ఇంకో ఏడాది అక్కడే ఉంచాలనుకుంటున్నానని, ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మని చెప్పింది. నాన్నగారు టూర్‌లో ఉన్నారు. అమ్మ వస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, రోజూ లెక్కపెడుతున్నది నేనే. మా అమ్మకి జ్వరం, రాలేదు అని చెప్పేశాను.

కానీ టీచర్ పిలిచిందన్న కబురు పక్కింటి ఆంటీ కూతురి నోట ఇంటికి చేరింది. మర్నాడు అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. మామూలుగానే, "మధ్యలో మాట అందించకు, లెక్కపెట్టు" అంది.

టీచర్ అమ్మని చూసి మర్యాదగా హిందీలో, జ్వరం తగ్గిందా, ఒంట్లో ఎలా ఉంది అని అడిగింది. అమ్మకి అర్థమైంది. నన్ను ఒక్కసారి చూసింది. మళ్ళీ టీచర్ వైపు తిరిగి, "అబ్ ఠీక్ హై" అంది, ఇప్పుడు బాగానే ఉంది అని.

ఆ తర్వాత అమ్మ మాట్లాడినదంతా తప్పులే. గుమ్మం దగ్గర ఇద్దరు పిల్లలు కిసుక్కుమన్నారు. అమ్మ ఆగలేదు. నా పిల్లకి అన్నీ వచ్చు, తప్పంటే భయం, అంతే. నాకూ భయమే, అయినా నేను మాట్లాడుతున్నాను, అదీ మాట్లాడుతుంది, కొంచెం టైమివ్వండి అని మాటలు వెతుక్కుంటూ, మధ్యమధ్యలో తెలుగు కలిపేస్తూ చెప్పింది. టీచర్ లేచి కుర్చీ జరిపి అమ్మని కూర్చోమంది. పరీక్షల దాకా చూద్దామంది.

దారిలో అమ్మ "ఎన్నయ్యాయే?" అని అడిగింది. లెక్క తప్పానన్నాను. ఇంటికొచ్చి గుప్పెడు గింజలు డబ్బాలో పోసి, రేపటి నుంచి నీవి కూడా ఇందులోనే అంది. జ్వరం సంగతి అడుగుతుందని రాత్రి పడుకునేదాకా ఎదురుచూశాను. అడగలేదు. బతికున్నన్నాళ్ళూ అడగలేదు. ఆ ఏడాది నా గింజలే ఎక్కువయ్యాయి, నాలుగో తరగతికి వెళ్ళాను. కానీ అమ్మని చూసి సిగ్గుపడ్డానన్న సిగ్గు మాత్రం ఇప్పటికీ పోలేదు.

పోయిన ఆదివారం కాల్‌లో నేనే మాట్లాడతానని మా అమ్మాయికి చెప్పాను. "మమ్మీ, రహ్‌నే దో. మైఁ బోల్ దూంగీ" అంది కంగారుగా, తనే చెప్పేస్తానని. నేను వినలేదు, నా తప్పులు లెక్కపెట్టమని చెప్పి దాని పక్కన కూర్చున్నాను. వియ్యపురాలు నన్ను చూడగానే మొహం ఇంత చేసుకుని ఏదో అడిగింది. గర్గాంతా అన్న మాట పట్టుకున్నాను. శరీర భాగాల పాఠంలో రాసుకున్నదే, గొంతు అని. నా గొంతు ఎలా ఉందని అడుగుతోంది. నిక్షేపంలా ఉన్న నా గొంతుకి ఏమైందో నాకు తెలియదు. పక్కకి చూస్తే మా అమ్మాయి తల దించుకుంది. నేను తప్పుల్లో తడబడి నవ్వులపాలవుతానని భయపడి, అమ్మకి గొంతు బాగాలేదు, ఇవాళ మాట్లాడలేదని ముందే చెప్పేసినట్టుంది.

దాన్ని ఒక్కసారి చూశాను. ఫోన్ వైపు తిరిగి, "యా ఎస్తోయ్ బియెన్" అన్నాను. ఇప్పుడు బాగానే ఉంది అని.

ఆ తర్వాత పావుగంట మాట్లాడాను. ఆవిడ మోకాలి నొప్పి గురించి, మా పులుసు గురించి, చలికాలం తెచ్చుకోవాల్సిన స్వెట్టర్ల గురించి. ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. కాల్ అయ్యాక అమ్మాయి ఏదో చెప్పబోయింది. ఎన్నయ్యాయో చెప్పమని డబ్బా దాని చేతికిచ్చాను. పంతొమ్మిది అంది, కళ్ళు తుడుచుకుంటూ. పంతొమ్మిది గింజలూ వేశాను. ఆ మొదటి మాటకి మాత్రం గింజ లేదు. అది నేను మా అమ్మ దగ్గర ఎప్పుడో నేర్చుకున్నది.